మీ చొక్కా జేబుకి పట్టిన చీమలు

ఏవండీ,

అన్నం వార్చి మూత పెట్టాను. పులుసు వేడి చేసుకోండి. పెరట్లో ఆరేసిన నెత్తళ్ల చేపలు వాన రాకముందే లోపల పెట్టండి. మద్రాసు ఓడ వచ్చిందట. రేషను పంచదార దొరుకుతుందేమోనని పక్కింటి కాళమ్మ దీదీతో ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ వెళ్తున్నాను.

ఇక అసలు సంగతి. నా క్రీములో సార్బిటాల్ ఉందని, దాన్ని చక్కెర నుంచి తీస్తారని, చర్మంలో తడి ఆరనివ్వదని మురిసిపోతూ చెప్పానా? అప్పటినుంచి డబ్బాలో పంచదార తగ్గినప్పుడల్లా అత్తమ్మ చూపు నా బుగ్గల మీదే. నిన్న అనేశారు కూడా: “ఓలమ్మ, ఓడొచ్చీదాకా దాసిన పంచదారంతా మొగానికి పూసేత్తన్నావేటే?” మీరేమో పక్కనే కూర్చుని, “బస్ కరో, ఇంకెంత తెల్లబడతావ్?” అని నవ్వారు. ఆ నవ్వు మీదే నాకు అనుమానం.

పొద్దున్న క్రీము సీసా మూత తీసి కిటికీలో పెట్టి చూశాను. ఒక్క చీమ రాలేదు. చీమలన్నీ బారులు తీరి, మేకుకి తగిలించిన మీ చొక్కా జేబులోకి పోతున్నాయి! ఆ పంచదార పడవలో చాయ్‌కేనా, లేక ఇంకెవరికైనా పొట్లం కట్టి ఇస్తున్నారా? కొత్త కోడలికి దొంగ పేరు తెచ్చి నవ్వుతారా?

నేను వచ్చేలోగా అత్తమ్మకి మీరే చెప్పేయండి. లేదంటే ఆ చొక్కాను జేబు దులపకుండా ఆవిడ చేతికే ఇస్తాను.

మీ నూకరత్నం

వల తాడు లాగి లాగి మీ అరచేతులు పగిలిపోయాయి. ఆ క్రీము రాసుకోండి. రుచి మాత్రం చూడకండి. నేను చూశాను, అస్సలు బాగాలేదు.