కామెర్లు తగ్గిపోయాయట

సెప్టెంబరు 3

నాకు చదువు రాదు. చెప్పేది నేను, రాసేది నా మనవరాలు. రోజూ మనసులో ఉన్నది రాయమని డాక్టరమ్మ దీనికి నోట్‌బుక్కు కొనిపించింది. వారం నుంచి పెన్ను పట్టుకుని కూర్చుంటుంది, ఒక్క ముక్క రాయదు. నీ మనసులోది రాకపోతే నా మనసులోది రాయవే, నా దగ్గర బోలెడుంది అన్నాను.

రాయి. దీనికి పద్దెనిమిదేళ్లు. కాలేజీలో చేరి రెండు నెలలు. హాస్టల్లో తిండి మానేసింది, క్లాసులు మానేసింది. ఏడుపు బయటికి వినబడకుండా బాత్రూములో కుళాయి తిప్పుకునేదట. ఇది నాకొక్కదానికే చెప్పింది. డాక్టరమ్మ డిప్రెషన్ అంది. మందులు వాడాలి, మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఒక మనిషి కావాలి, కాలేజీలో కౌన్సెలర్ ఉంటారు, వాళ్లకి చెప్పండి అంది. మావాడు బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చి అందరికీ కామెర్లని చెప్పాడు.

సెప్టెంబరు 6

కామెర్లన్నాక పథ్యం ఉండాలిగా! వచ్చేపోయేవాళ్ల కళ్ల ముందు పిల్లకి ఉప్పులేని గంజి. అసలే ముద్ద దిగని పిల్ల. ఇదేం చోద్యంరా అంటే, అమ్మా నువ్వు నోరు మూసుకో, రేపు దీనికి ఉద్యోగం, పెళ్లి కావాలా వద్దా అన్నాడు.

నా నోరు మూయించడం వాళ్ల నాన్న వల్లే కాలేదు.

సెప్టెంబరు 7, సాయంత్రం

కోడలి అక్క వచ్చింది. పిల్ల కనురెప్ప కిందికి లాగి చూసి, కళ్లు తెల్లగానే ఉన్నాయేమే అంది. కోడలు తడుముకోకుండా, ఇవి లోపలి కామెర్లక్కా అంది. నేను పకపకా నవ్వాను. పిల్లా నవ్వింది. ఇంటికొచ్చాక ఇదే మొదటిసారి. నేను నవ్వానని చెప్పకు నానమ్మా అంటూనే రాస్తోంది.

సెప్టెంబరు 15

ఒళ్లు మండిపోతోంది. రేపు చెప్తాను.

సెప్టెంబరు 16

కామెర్లు తగ్గిపోయాయట! మూడు వారాలైంది కాబట్టి తగ్గి తీరాలట, లేకపోతే నలుగురూ ఆరా తీస్తారట. సోమవారం మావాడు హాస్టల్లో దింపేస్తాడట. కౌన్సెలర్ ఊసెత్తితే కాలేజీలో పిచ్చిదన్న పేరు పడుతుందట. లేని జబ్బు నయమైందని సంబరం. ఉన్న జబ్బుని అడిగే దిక్కు లేదు. కోడలు మాత్రలు తెచ్చి పెట్టెలో బట్టల అడుగున పెట్టింది. పక్క మంచం పిల్ల చూడకుండా మింగాలట. ఏం, దొంగ సొమ్మా అవి?

ఇక్కడ పిల్ల రాయడం ఆపింది. నాకు భయంగా ఉంది నానమ్మా అంది. అదీ రాయవే అన్నాను. రాసింది.

సోమవారం కారులో నేనూ ఉంటాను.

సెప్టెంబరు 20, సోమవారం రాత్రి

మావాడు కామెర్లనగానే ప్రిన్సిపాలు అయ్యో పాపం అన్నాడు. చెప్పనా అన్నట్టు పిల్ల వైపు చూశాను. తలూపింది. కామెర్లు కాదు బాబూ అని మొత్తం చెప్పాను, కుళాయితో సహా. ఆయన గొంతు మారిపోయింది. ఫస్టియర్లో అందరికీ ఇంటి మీద బెంగ ఉంటుంది పెద్దమ్మగారూ, వాళ్లే సర్దుకుంటారు అన్నాడు. కామెర్లకి అయ్యో అన్న నోరే కదయ్యా ఇది అన్నాను.

కౌన్సెలర్ని చూపించమంటే ప్యూను వరండా చివరికి తీసుకెళ్లాడు. మాట్లాడండి, మేమున్నాం అని బోర్డు ఉందట, పిల్ల చదివింది. బోర్డు కింద తాళం. కిటికీలోంచి చూస్తే విరిగిన కుర్చీలు. ఆవిడ మానేసి ఏడాదైంది మామ్మగారూ అన్నాడు ప్యూను. కుర్చీలతో మాట్లాడాలా నా పిల్ల?

మావాడు కారెక్కి, స్టార్ట్ చెయ్యకుండా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. కుళాయి సంగతి వాడికి ఇవాళే తెలిసింది. ఇప్పుడేం చేద్దామే అమ్మా అన్నాడు. పిల్లని ఇంట్లో పడుకోబెట్టు, తెల్లారి ఇద్దర్నీ ఇక్కడ దింపు, ఆ గదిలోకి మనిషి వచ్చేదాకా రోజూ దింపు అన్నాను. గంట ప్రయాణమేగా. సరేనని కారు ఇంటివైపు తిప్పాడు.

సెప్టెంబరు 21

తలుపు ముందు చాప వేశాం. సెక్యూరిటీ వచ్చి ఇక్కడ కూర్చోకూడదన్నాడు. నా మోకాళ్లు ఒకసారి మడిస్తే ఓ పట్టాన లేవవు నాయనా, నువ్వే ఎత్తుకో అన్నాను. అటూ ఇటూ చూసి వెళ్లిపోయాడు.

సెప్టెంబరు 22, పదకొండు గంటలు

తాళం తియ్యలేదు. ఎవరో అమ్మాయి పుస్తకాలు గుండెలకి హత్తుకుని స్తంభం పక్కన నిలబడి నిలబడి, చివరికి దగ్గరికొచ్చింది. ఇది లైనేనా మామ్మగారూ అని అడిగింది.

లైనే, కూర్చోమ్మా అన్నాను.