పెనం తిప్పే హీరో నిద్ర

ఏవండీ,

మీరు పోయాక నేనూ మన చిన్నీ ఈ అమెరికా ఊరు క్యారీలోనే చిన్న అపార్ట్‌మెంట్‌కి మారాం. ఈరోజు చర్చి నుంచి వచ్చి ఆఖరి అట్టపెట్టె విప్పితే, మీరూ చిన్నీ ఆడుకునే వీడియో గేమ్ బయటపడింది. అదే, జపాన్ కార్టూన్ మొహాల హీరోలు రాక్షసుల్ని కొడుతూ ఊరూరా తిరుగుతారే, మీ హీరో కత్తికి బదులు అట్లపెనం తిప్పుతాడే, అది. చిన్ని అలవాటుగా రెండు కంట్రోలర్లూ కలిపింది. మీది సోఫాలో మీరు కూర్చునే మూల పెట్టింది.

ఎవరూ ఆడించకపోతే మీ హీరో నిలబడే గురకపెడతాడు కదా. ఇదివరకు దానికి మీరిద్దరూ పడీ పడీ నవ్వేవారు. ఈరోజు చిన్ని నవ్వలేదు. వాడి చుట్టూ తిరుగుతూ వంకాయ రాక్షసులన్నిటితో ఒక్కతే పోరాడుతోంది.

"అమ్మా, నాన్న హెల్త్ అయిపోతోంది! హెల్ప్ చెయ్!"

హీరో పడిపోతే తెర మీద సమాధి లేస్తుంది, దానిమీద కోడిపిల్ల డాన్స్ చేస్తుంది. అది చిన్ని కంట పడకూడదు. చపాతీ పిండి చేతులతోనే మీ కంట్రోలర్ అందుకుని, ఏది ఎందుకో తెలియకుండా బటన్లన్నీ నొక్కేశాను. మీరు ఆవలిస్తూ లేచారు.

రాక్షసులు పోయాక కంట్రోలర్ పక్కన పెట్టబోతే, చిన్ని నా చెయ్యి పట్టేసుకుంది.

"వద్దమ్మా. పెట్టేస్తే నాన్న మళ్ళీ పడుకుంటాడు."

అందుకే కుడిచేత్తో ఇది రాస్తూ, ఎడమచేత్తో ఏదో ఒక బటన్ నొక్కుతూనే ఉన్నానండి.