మా అక్కకు నా మొహం కనబడకపోవుటను గూర్చి

కంప్యూటరు వినియోగదారుల ఫిర్యాదులు విచారించు అధికారి గారి సముఖమునకు, పుస్తకముల బైండింగు పని చేసుకొను ఒకానొక పౌరుడు స్వహస్తముతో వ్రాసుకొనిన అర్జీ.

అయ్యా,

విషయం: నేను ఏరి కోరి పెట్టుకొనిన బ్రౌజరును, అప్‌డేటు పేరిట, నన్ను అడగకుండ మార్చివేయుట, తత్ఫలితముగా మా అక్క నాతో మాటలు మానివేయుట గురించి.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను ముప్పదియొక్క సంవత్సరములుగా పుస్తకములు కుట్టి, అట్టలు వేసి జీవించుచున్నాను. నా దుకాణమునందు ఒక కంప్యూటరు కలదు. అందు రెండు బ్రౌజర్లు కలవు. ఒకటి నేను ఎంచుకొన్నది. రెండవది యంత్రముతో పాటు పిలవని పేరంటమునకు వచ్చినది.

2. నేను ఎంచుకున్నదానిలో అక్షరాలు పెద్దవి చేసుకున్నాను. మైకుకు, కెమెరాకు అనుమతి ఇచ్చుకున్నాను. ఏ లింకు నొక్కినా అందులోనే తెరుచుకోవాలని సెట్టింగు పెట్టుకున్నాను. దీనికంతటికీ నాకొక ఆదివారం పట్టింది. అప్‌డేటు వచ్చినప్పుడల్లా ఆ ఆఖరి సెట్టింగు చెరిగిపోతుంది. ఎనిమిది నెలల్లో ఆరుసార్లు చెరిగింది. పైగా "మీ అనుభవాన్ని మెరుగుపరిచాం" అని తెరమీద వస్తుంది. నా అనుభవం ఎలా ఉందో నన్ను అడిగినవాడు లేడు.

3. మా అక్క లెక్కల పంతులమ్మగా చేసి రిటైరైంది. ఆరేళ్ళ కిందట తన జ్ఞాపకాలు రాసి, బైండింగు చెయ్యమని నాకిచ్చింది. నేను నాలుగో అధ్యాయం తలకిందులుగా కుట్టాను. అది పొరపాటు. ఆ అధ్యాయం నా గురించే కావడం నా ఖర్మ. అక్క నమ్మలేదు. "నచ్చకపోతే నోటితో చెప్పొచ్చు కదరా" అని పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. అయిదేళ్ళు మా మధ్య మాటల్లేవు.

పోయిన ఏడాది తనే ఫోను చేసింది. రెండో పుస్తకం రాస్తున్నానని, వింటావా అని అడిగింది. అప్పటినుంచి ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి ఒక లింకు పంపుతుంది. నేను నొక్కుతాను. ఆవిడ తన ఊళ్ళో కూర్చుని చదువుతుంది, నేను ఇక్కడ కుట్టుకుంటూ వింటాను. అధ్యాయం అయ్యాక "ఏమంటావు?" అంటుంది. బాగుందంటే సరిపోదు, ఎక్కడ బాగుందో చెప్పాలి.

4. పదమూడో అధ్యాయం చదివిన గురువారం నా చేతులకు మోచేతుల దాకా బంక ఉంది. చిటికెన వేలితో లింకు నొక్కాను. అక్క కనబడింది, వినబడింది, చదవడం మొదలుపెట్టింది. లింకు తెరుచుకున్నది ఆ రెండో బ్రౌజరులో అనీ, అందులో నా మైకూ కెమెరా మూసి ఉన్నాయనీ నేను చూసుకోలేదు.

ఆ అధ్యాయం మా తగువు గురించి. అందులో ఒక వాక్యం ఉంది: "తమ్ముడు రాలేదని అయిదేళ్ళు అనుకున్నాను. తలుపు గడియ వేసుకుని లోపల కూర్చున్నది నేనే." అది చదివి, కళ్ళజోడు తీసి, "ఏమంటావు?" అంది.

అయ్యా, నేను చాలా అన్నాను. తప్పు నాదన్నాను, ఏడ్చాను కూడా. పక్క కొట్టు తాళాలవాడు ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు. అక్కకు మాత్రం నల్లటి తెర, నిశ్శబ్దం. రెండు నిమిషాలు చూసింది. "సరేలే. మనసు రాకపోతే బలవంతం ఏముంది" అని ఆపేసింది.

5. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. ఉత్తరం రాస్తే విప్పకుండా తిరిగొచ్చింది. ఇక లాభం లేదని తొమ్మిదో రోజున కంప్యూటరును దుప్పట్లో చుట్టి, ఎత్తుకుని బస్సెక్కాను. ఇదెక్కడికండీ అని కండక్టరు అడిగితే, సాక్ష్యం చెప్పడానికన్నాను. ఆయన టిక్కెట్టు చేతిలో పెట్టి, రెండు వరసలు అవతలికి జరిగాడు.

అక్క తలుపు తీసింది. నేను మైకు, కెమెరా, బ్రౌజరు అంటూ గుమ్మంలోనే అంతా చెప్పాను. అంతా విని, "నిరూపించు" అంది.

ఇక్కడ నాకొక చిక్కు వచ్చింది. పాడైన సెట్టింగును నేను దుకాణంలోనే సరిచేసి ఉన్నాను. యంత్రం సక్రమంగా పనిచేస్తే నేను అబద్ధాలకోరునవుతాను. తప్పు చెయ్యమని కంప్యూటరును లోలోపల వేడుకున్న పౌరుణ్ణి తమరు ఇంతకుముందు చూసి ఉండరు.

అక్క ఇంటి నెట్టుకు తగిలించి మీట నొక్కగానే అప్‌డేటు మొదలైంది. దయచేసి ఆపవద్దు, పన్నెండు శాతం అంది. నలభై నిమిషాలు ఇద్దరం ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాం. అరవై దగ్గర అక్క మంచినీళ్ళిచ్చింది. ఎనభై దగ్గర, చిక్కిపోయావేంట్రా అంది. నూరు అయ్యాక తన ఫోనులోంచి లింకు పంపింది. నొక్కాను. రెండో బ్రౌజరు తెరుచుకుంది. అక్క ఫోనులో నా చోట నల్లటి తెర. నేను పక్కనే కూర్చుని మాట్లాడుతున్నా అందులోంచి చప్పుడు లేదు.

ఒక్క ఉదాహరణతో రుజువు కాదని అక్క అంది. ఇది ఆరోసారని మనవి చేశాను. అప్పుడు ఒప్పుకుంది.

6. "అయితే నేను చదివింది నీకు వినబడిందా?" అని అడిగింది. మొదట కొంచెం వినబడిందనీ, తర్వాత తెగిపోయిందనీ చెప్పాను. ఇది అబద్ధం; ఆ మాట ఆవిడ నోట ఎదురుగా మళ్ళీ వినాలని ఆడాను. తమకు రాసే అర్జీలో అబద్ధం ఉండకూడదు గనుక నిజం ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

అక్క లోపలికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చింది. బల్లకు అవతల కూర్చుని మొదటినుంచీ చదివింది. చివర "ఏమంటావు?" అంది. ఈసారి నా మైకు ఎవరూ మూయలేదు. అయినా నాకు మాట రాలేదు. మొహం మాత్రం ఎదురుగా ఉంది. అక్క చాలాసేపు చూసి, ఎక్కడ బాగుందో అడగకుండానే పుస్తకం మూసేసింది.

7. కావున తమరు దయతలచి: ఒక మనిషి ఆలోచించి పెట్టుకున్న సెట్టింగును అతణ్ణి అడగకుండా మార్చరాదని సదరు కంపెనీవారికి తాఖీదు ఇవ్వవలెను. మార్చినచో, మార్చితిమని పెద్ద అక్షరాలతో చెప్పవలెను. "మెరుగుపరిచాం" అను మాటను వారు వాడకుండా చూడవలెను. ఈ అర్జీని తమ వెబ్‌సైటులోనే పెడదామనుకున్నాను గాని, అది ఆ రెండో బ్రౌజరులో తెరుచుకుని, రాసిందంతా మింగేసింది. అందుచేత కాగితంమీద పంపుతున్నాను.

సమస్తము చిత్తగించవలెను, చిత్తగించిన పిమ్మట, మరుసటి అప్‌డేటులో మరువకుండవలెను.

ఇట్లు,
తమ విధేయుడు
(ఈ సెట్టింగు నేనే పెట్టుకున్నది)

తా.క.: జవాబు దుకాణం చిరునామాకే పంపగలరు. అక్క వచ్చి పది రోజులుగా మా ఇంట్లోనే ఉంది, వచ్చిన ప్రతి కవరూ తనే విప్పుతోంది. తప్పనిసరై ఇంటికే పంపవలసివస్తే, ఆరో అంశం మాట ఎత్తకండి. ఆ అధ్యాయం నాకు మొదటిసారే పూర్తిగా వినబడిందని తెలిస్తే తమరు కూడా నన్ను కాపాడలేరు.