‘చొరబాటుదారుడు’ అన్న మాట తీసివేయించుట గురించి

నాంపల్లి,
18-8-2025.

మున్సిపల్ సర్కిల్ డిప్యూటీ కమిషనర్ గారి సముఖమునకు, నాంపల్లి స్టేషన్ వెనుక గల్లీలోని శిథిల భవనము నుండి ఖాళీ చేయించబడిన కిరాయిదారు, రిటైర్డ్ స్కూలు గుమాస్తా ఎం. హెర్బర్ట్, వయస్సు 63, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సదరు భవనములో మరణించిన దర్జీ బాలకిషన్‌ను తమ నివేదికలో ‘చొరబాటుదారుడు’ అని వ్రాసినది సరిదిద్దుట, మిగిలిన గోడను దింపించుట గురించి.

పై విషయమై తమరికి విన్నవించుకొనునది:

1. సదరు ఇంటి కింది వాటాలో నేను, నా భార్య జిప్పోరా పందొమ్మిదేళ్లు కిరాయికి ఉన్నాము. పై వాటాలో బాలకిషన్, ఆయన భార్య అహల్య, కూతురు ఉజ్వల ఇరవై రెండేళ్లు ఉన్నారు. బాలకిషన్ ఇంట్లోనే మిషన్ పెట్టుకొని బడిపిల్లల యూనిఫాంలు కుట్టేవాడు. కప్పు కారుతోందని యజమాని గారికి ఎన్నిసార్లు చెప్పినా “చూద్దాం” అనేవారు. మే నెల వానకు పై వాటా వంటగదిలో పెద్ద పెచ్చు ఊడి పొయ్యి మీద పడింది. అహల్యమ్మ అప్పుడే నీళ్లకని కిందికి దిగినందున బతికింది.

2. ఆ సాయంత్రం బాలకిషన్ నా దగ్గరకు వచ్చి, “హెర్బర్టన్నా, మీ దస్తూరి మంచిగుంటది. సర్కారుకు ఒక కాయితం రాయుండ్రి. గట్టిగ రాస్తెనే వస్తరు” అన్నాడు. నేను గట్టిగానే వ్రాసితిని. “ఏ క్షణమైనను కూలిపోవు స్థితిలో ఉన్నది, అత్యవసర చర్య తీసుకొనవలెను” అన్న మాటలు నావే. యజమాని చేత కప్పు బాగు చేయించమన్నదే మా కోరిక. అది కింద, చివరి వరుసలో వ్రాసితిని. అది నా పొరపాటు.

3. జూన్ 10 ఉదయం తమ సిబ్బంది వచ్చి, గోడకు నోటీసు అంటించి, అర్ధగంటలో బయటికి రావాలన్నారు. ఇల్లు ప్రమాదంలో ఉన్నదని వారి వెంట వచ్చిన ఇంజనీరు గారు చెప్పినది అబద్ధమని నేను అనను. మేము గిన్నెలు, పరుపులు, ఉజ్వల పుస్తకాలు దింపుకున్నాము. బాలకిషన్ చేతులు జోడించి, “సార్, మిషన్ ఒక్కటి దింపుకుంట, జర ఆగుండ్రి. పిల్లల బట్టలు గూడ ఆడనే ఉన్నయి” అన్నాడు. “ఆ బరువుకు మెట్లు ఆగయ్. రేపు ఆఫీసుకు రా, మనుషుల్ని పంపిస్త” అన్నారు ఇంజనీరు గారు. తలుపుకు సీలు పడింది.

4. బాలకిషన్ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాడు. రెండుసార్లు నేనూ వెంట ఉన్నాను. ప్రతిసారీ ఇంజనీరు గారు ఫీల్డుకు వెళ్లారనే చెప్పారు. ఇంతలో బడులు తెరిచారు. బట్ట ఇచ్చినవాళ్లు మేము తలదాచుకున్న కమ్యూనిటీ హాలుకే వచ్చి అడగసాగారు. ఒకావిడ అందరి ముందే, “మా గుడ్డ అమ్ముకున్నవా ఏంది?” అన్నది. బాలకిషన్ ఆ పూట అన్నం ముట్టలేదు.

5. జూన్ 24 మధ్యాహ్నం నేను అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో, సీలు ఒక గంట తెరిపించమని తమరికే వ్రాసిన అర్జీ రిజిస్టరు చేయించడానికి లైనులో నిలబడి ఉన్నాను. తిరిగి వచ్చేసరికి గల్లీ నిండా జనం. బాలకిషన్ వెనుక గోడ ఎక్కి లోపలికి పోయాడు. బట్టల మూట ముందుగా కిటికీలోంచి వాకిట్లోకి విసిరాడు. మిషన్ తల విప్పి భుజాన పెట్టుకొని దిగుతుండగా మెట్లు కూలినవి. దవాఖానకు చేరేసరికి ప్రాణం లేదు. దినాలు అయ్యాక అహల్యమ్మ మూట విప్పి, కుట్టినవి, సగం కుట్టినవి ఎవరివి వారికి ఇచ్చేసింది. గుడ్డ అమ్ముకున్నావా అన్న ఆవిడ తీసుకోవడానికి రాలేదు.

6. తమ నివేదిక నకలు మాకు జూలైలో అందింది. “కిరాయిదారులందరూ సురక్షితముగా తరలించబడిరి. తదుపరి సీలు వేసిన భవనములోనికి చొరబాటుదారుడొకడు ప్రవేశించి మరణించెను” అని ఉన్నది. దానిని ఉజ్వల బయటికి చదివింది. చదివి, “అంకుల్, నాయిన దొంగనా?” అని నన్ను అడిగింది. ముప్పై ఏళ్లు ఫైళ్లు వ్రాసినవాడిని. ఆ రాత్రే ఈ మాట దిద్దించమని తమరికి ఒక అర్జీ వ్రాసితిని.

7. వెనుక గోడ ఇప్పుడు గల్లీ వైపు వంగి ఉన్నది. యజమాని గారికి, వారి తమ్ముడికి కోర్టులో తగాదా ఉన్నందున ఎవరూ దానిని ముట్టుకోవడం లేదు. అహల్యమ్మ రోజూ మధ్యాహ్నం పోయి దాని కిందనే కూర్చుంటున్నది. జిప్పోరా వెళ్లి చెయ్యి పట్టి లాగితే, “ఈడ జర చల్లగుంటది వదినా, నువ్వు పో” అంటున్నది.

కావున తమరు (అ) ‘చొరబాటుదారుడు’ అన్న చోట ‘ఇరవై రెండేళ్ల కిరాయిదారు, దర్జీ బాలకిషన్’ అని వ్రాయించవలెను. (ఆ) మరో పెద్ద వాన పడకముందే ఆ గోడను దింపించవలెను. ఇల్లు తిరిగి ఇప్పించమని అడగడం లేదు. ఇది నా ఆరవ అర్జీ. ముందు ఐదింటికీ రసీదులు ఉన్నవి, జవాబులు లేవు. దీనికైనా వచ్చునని నేను అనుకోవడం లేదు. అయినను తమరు చిత్తగించవలెను. మొదటి మనవికి తమ చేతిలోని కలము చాలును.

తమ విధేయుడు,
ఎం. హెర్బర్ట్

తా.క.: ఈ అర్జీ పంపే ముందు అహల్యమ్మకు చదివి వినిపించాను. ఇంకేమైనా చేర్చాలా అని అడిగాను. ఆమె, “వద్దన్నా. మీరు ఇంక రాయకుండ్రి. మీరు రాస్తే వాళ్లొస్తరు” అన్నది. సార్, ఆమెకు చెప్పకుండా పోస్టు చేస్తున్నాను.