గాలి మీద తేలే బండి

మే 2, 1986
రవి మోటార్‌సైకిల్ ఇంజను ఇవాళ విప్పాను. సుశీలను అడిగే విప్పాను. బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే “మీ ఇష్టం” అంది. తన తమ్ముడు పోయి ఏడాది దాటింది... ఒక్క కన్నీటి చుక్క లేదు. వాడి పేరు నోట రానివ్వదు. బండిని మాత్రం అమ్మనివ్వలేదు. హనుమాన్ జంక్షన్ దగ్గర లారీ గుద్దితే బండి నుజ్జయింది, ఇంజనుకి ఏమీ కాలేదు. ఇంజనుకేం!

మే 5
ఏదో పత్రికలో బొమ్మ చూసి ఈ పిచ్చి మొదలుపెట్టింది వాడే. “బావా, హోవర్‌క్రాఫ్ట్ అంట. చక్రాలుండవు. కింద గాలి నింపితే తేలుద్ది. మనమూ చేద్దాం.” ముందు తోటలో మామిడికాయల సంగతి చూడరా అన్నాను. ఇప్పుడు నేనే చేస్తున్నాను. ఇది చూసైనా సుశీల నోరు విప్పితే చాలు.

మే 9
చెక్క పలక మీద ఇంజను బిగించాను. వడ్లు తూర్పారబట్టే ఫ్యాను రెక్కలు దొరికాయి. ఇక గాలి బయటికి పోకుండా పలక చుట్టూ లారీ పట్టా కుట్టాలి. దబ్బనంతో వేలు పొడుచుకున్నాను. సుశీల చూసి చూసి, “ఇటివ్వండి. అదేం కుట్టండీ అడ్డదిడ్డంగా” అని లాక్కుంది. సాయంత్రం దాకా తనే కుట్టింది. పక్కన కూర్చుని పురికొస అందించాను. ఎంత హాయిగా ఉందో.

మే 13
నాలాంటి వెధవ ఇంకొకడుండడు. సుశీల జి. కొండూరులో ఉన్న వాళ్ళ పిన్ని ఇంటికి వెళ్ళింది. రవి ఇంజను చప్పుడు తన చెవిన పడకముందే ఒకసారి చూద్దామనుకున్నాను. నున్నటి సిమెంటు నేల ఉన్నది కాయలు మాగేసే గదిలోనే. స్టార్ట్ చేశాను. అంతే! వరిగడ్డంతా ఒక్కసారిగా లేచింది. కళ్ళలో గడ్డి, నోట్లో గడ్డి. మాగేసిన చిన్నరసాలన్నీ గడ్డి లేకుండా బయటపడ్డాయి. పుట్టిందగ్గర్నుంచీ మామిడికాయల మధ్యే ఉన్నాను, ఇంతమాత్రం తట్టలేదు!

మే 14
ఇంకా గడ్డి సర్దుతూనే ఉన్నాను, సుశీల వచ్చింది. నా అవతారం చూసి నవ్వింది — ఎన్నాళ్ళకో! నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.
“స్టార్ట్ అయిందా?”
“అయింది.”
“నేను లేకుండానా?”
నీకు బాధ కలుగుతుందని... అన్నాను.
“బాధో ఏదో, అది నాది కదండీ. దాచడానికి మీరెవరు?”
తలుపు ధడాలున వేసుకుంది.

మే 15
కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మే 18
తనే వచ్చింది. “పదండి.” కాయలు రాశి పోసే చదునులోకి ఇద్దరం మోసుకెళ్ళాం. నేనెక్కి కూర్చుంటే పట్టా ఉబ్బింది కానీ లేవలేదు. “మీరు దిగండి, నేను తేలిక.” కొంగు గట్టిగా నడుముకి దోపుకుని కూర్చుంది. ఫ్యానుకి వల బిగించి ఉన్నా నా భయం నాది. ఎక్సలేటర్ తీగ లాగాను...
లేచింది! నాలుగు వేళ్ళెత్తు. చేత్తో తోస్తే జారిపోతోంది!
చాల్లే, ఆపుదామనుకున్నాను. తను చెయ్యెత్తింది.
“ఆపేముందు రెండుసార్లు గట్టిగా రేజ్ చెయ్యండి. రవి అలాగే చేసేవాడు.”
రవి — అంది. చేశాను. ఆపాను. అలాగే కూర్చుని ఏడ్చింది, గుండెలు పగిలేలా. పక్కన మట్టిలో కూలబడ్డాను. నాకూ ఆగలేదు.

మే 19
కళ్ళు వాచిపోయాయి, ముఖం మాత్రం తేటగా ఉంది. “ఆదివారం అమ్మని రమ్మని కబురు పెట్టానండీ. అమ్మా వినాలి.” రవి పోయినప్పటినుంచీ వీధిలో మోటార్‌సైకిల్ వెళితే అత్తయ్య చెవులు మూసుకుంటుంది. సుశీలకి తెలియదా? సరే అన్నాను. అనకూడదేమో.

మే 25
పొద్దున కావాలనే పెట్రోలు పోయలేదు. సుశీల పోసేసింది.
అత్తయ్య వచ్చింది. మంచినీళ్ళైనా తాగకుండా సరాసరి చదునులోకే వెళ్ళింది. కిటికీలోంచి కనిపిస్తోంది — ఇంజను మీద చెయ్యి వేసి నిలబడింది. తియ్యదు.
“ఏవండీ, రండి, స్టార్ట్ చేద్దాం” — సుశీల పిలుస్తోంది.