పొక్కిట్టలు

కొత్తపేట,
జూన్ 4

ప్రియమైన సౌజన్యా,

ఫోన్‌లో అయితే అరుస్తానని ఉత్తరం రాస్తున్నాను. రాస్తే కాస్త మర్యాదగా తిడతాను.

నువ్వు చెప్పినట్టే మన టిఫిన్ కొట్టుకి వెబ్‌సైటు పెట్టాను కదా. నిన్న కాకినాడ నుంచి వచ్చిన ఒకాయన "వెంకటరాజు గారి హోటలు ఇదేనాండీ?" అని అడిగాడు. కాదంటే ఫోన్ చూపించాడు. కోనసీమ పొట్టిక్కలు అని వెతికితే మొదట కనబడేది అమలాపురంలో వెంకటరాజు గారి హోటలు. మనం రెండో పేజీ అడుగున ఎక్కడో ఉన్నాం.

పెద్ద హోటలు, పైన ఉంటే ఉండనీ అనుకున్నాను. తెరిచి చదివాక ఒళ్లు మండిపోయింది. "మా అమ్మ పనసాకుల్ని ఈనెపుల్లలతో గుచ్చి బుట్ట కడుతుంది, అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తుంది" అట. ఆ వాక్యం నేను రాసింది. ఆ అమ్మ మా అమ్మ వీరాయమ్మ. వాళ్లు వండేది స్టీలు గిన్నెల్లో, ఆకు అలంకారానికి పెడతారు.

దారిన పోయేవాళ్లు ఇప్పుడు ఫోన్ చూసే కారు ఆపుతున్నారు. పెళ్లి ఆర్డర్లన్నీ అటే పోతున్నాయి. ఇలాగే సాగితే శ్రావణానికి కొట్టు మూసుకోవడమే. పేజీలో పొట్టిక్కలు అన్న మాట యాభైసార్లు రాస్తే పైకొస్తావని ఎవరో చెబితే అదీ రాశాను. చదువుకుంటే నాకే సిగ్గేసింది. హైదరాబాదులో నువ్వు చేసేది సైట్లని ఇలా పైకి తెచ్చే పనే కదా. ఆ వెతికే యంత్రం ఏం చూసి ఎవర్ని పైన కూర్చోబెడుతుందో మీలో ఒక్కరికైనా తెలుసా?

నీ
శిరీష

హైదరాబాద్,
జూన్ 11

ప్రియమైన శిరీషా,

పూర్తిగా ఎవరికీ తెలియదు. మా ఆఫీసులో ఊహల్ని నిజాలన్నట్టు అమ్ముతాం. తెలుసుకోవాలంటే పరీక్ష పెట్టుకోవాలి.

దానికి ఇంటర్నెట్‌లో ఎక్కడా లేని మాట ఒకటి కావాలి. మామూలు మాటకైతే వెయ్యిమంది పోటీ, ఏది పనిచేసిందో అంతుపట్టదు. లేని మాటకైతే దొరికేవి మన పేజీలే. వాటిలో ఒక్కొక్కటే మారుస్తూ ఏది పైకొస్తుందో చూడొచ్చు.

మాట నా దగ్గరుంది. రెండో తరగతిలో నాకు పొట్టిక్కలు అనడం రాక పొక్కిట్టలు అనేదాన్ని, గుర్తుందా? మీ అమ్మగారు నవ్వుతూ అలాగే పిలిచి పెట్టేవారు. వెతికి చూశాను, ఎక్కడా లేదు. నీ సైటులో రెండు పేజీలు ఒకేలా రాయి. ఒకదాంట్లో ఆ మాట ఒక్కసారే ఉండాలి, రెండోదాంట్లో యాభైసార్లు. ఎవరికీ చెప్పకు.

అమ్మగారికి నమస్కారాలతో,
సౌజన్య

కొత్తపేట,
జూలై 9

సౌజన్యా,

ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు.

నీ పరీక్ష బాగానే నడిచింది. ఒక్కసారి రాసిన పేజీ పైనుంది, యాభైసార్లు రాసింది కిందుంది. సంతోషించి అసలు పేజీలోని చెత్తంతా తీసేశాను. ఇవాళ మళ్లీ వెతికితే ఆ రెంటికీ పైన ఇంకో పేజీ వచ్చి కూర్చుంది. వెంకటరాజు గారి హోటలు. "మా పొక్కిట్టలు రుచి చూడండి" అట.

ఆ మాట నీకూ నాకూ అమ్మకీ తప్ప తెలియదు. ఆ పేజీ అడుగున, తయారుచేసినవాళ్లని చెప్పి, చిన్న అక్షరాల్లో నీ ఆఫీసు పేరుంది. పరీక్ష పేరుతో నా చేత రాయించి వాళ్లకి అందించావా? అమ్మకి ఇంకా చెప్పలేదు. ఏమని చెప్పను?

శిరీష

హైదరాబాద్,
జూలై 16

శిరీషా,

నేనివ్వలేదు. నన్ను అలా అనుకోగలిగినందుకు నీ మీద చాలా కోపంగా ఉంది, అది ముందు రాస్తున్నాను.

వెంకటరాజు గారి పని మా దగ్గర వేరే టీమ్ చూస్తుంది, ఆ సంగతి నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. వెళ్లి అడిగాను. "మనుషులెవరూ రాయరు మేడమ్, పక్క సైట్లలో కొత్త మాట కనబడితే ప్రోగ్రామే తెచ్చి కలిపేస్తుంది" అన్నాడు మేనేజరు, గొప్పగా. మనిషనేవాడు చదివి ఉంటే పొక్కిట్టలు అంటే ఏమిటని ఒక్కడైనా అడిగేవాడు.

లేని మాటని దొంగిలించారు కాబట్టే దొరికిపోయారు. అది ముందు నీ సైటులోనే వచ్చిందని రుజువులు జతచేసి, సెర్చ్ కంపెనీకి ఫిర్యాదు తయారుచేశాను. సంతకం పెట్టి పంపు. సాక్షిగా నా పేరుంది. ఆఫీసులో తెలిసి, రేపట్నుంచి రావద్దన్నారు. ఫరవాలేదని రాయలేను.

సౌజన్య

కొత్తపేట,
ఆగస్టు 2

నా సౌజన్యకి,

వెంకటరాజు గారి పేజీ తీసేశారు. మనం మొదటి పేజీలోకి వచ్చాం, నాలుగో చోట. మొదటిచోట ఎందుకు లేమో తెలియదు. ఇంకో పరీక్ష పెట్టాలి, నువ్వే వచ్చి పెట్టు.

నిన్న ఒక కారాయన దిగి "పొక్కిట్టలు ఉన్నాయాండీ? అమలాపురం హోటల్లో అడిగితే తెల్లమొహం వేసేరండి" అన్నాడు. ఆకు గుచ్చుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"పొట్టిక్కలైతే ఉన్నాయండి, ఆయ్. ఆ రెండో మాట మా సౌజన్యదండి. అది అమ్మేది కాదండి."

ఆయన వెళ్లాక సంగతేమిటని నిలదీసింది. మొత్తం చెప్పాను. నిన్నేమన్నానో కూడా చెప్పాను. రాత్రి నాకు అన్నం పెట్టలేదు. "అది వచ్చి తిన్నాక నువ్వు తిందువుగాని" అంది. తప్పు నాదే, క్షమించు. తొందరగా బస్సెక్కు, నాకు ఆకలేస్తోంది.

నీ
శిరీష