ఏడుపు నాటకం లేని ఉత్సవం

అమలాపురం, ఫిబ్రవరి 1982, శనివారం

ఈ ఏడాది నాటకోత్సవాలకు అన్నీ హాస్య నాటికలే ఎంపిక చేయించింది నేనే. జనం నవ్వుకోడానికే వస్తారని కమిటీలో మహా తెలిసినట్టు వాదించాను.

సాయంత్రం మా వీధి మరియమ్మగారు ఎప్పటిలాగే చాప తెచ్చుకుని ముందు కూర్చున్నారు. కాసేపటికి నా దగ్గరకొచ్చి, "ఏడుపు నాటకం ఏ రోజండీ?" అని అడిగారు.

"ఈసారి ఏడుపుల్లేవండీ," అని నవ్వాను.

"ఆయ్," అన్నారు. తర్వాత మెల్లగా, "మా ఆయన పోయేక ఇంట్లో ఏడిస్తే పిల్లలు బెంగెట్టుకుంటన్నారండీ. ఇక్కడైతే నాటకం చూసి ఏడుస్తున్నాననుకుంటారు కదండీ," అన్నారు.

చాప చుట్టుకుని వెళ్లిపోయారు. వెనక జనం పగలబడి నవ్వుతున్నారు.

మా అమ్మ కూడా బతికున్నన్నాళ్లూ ఏటా ఏడుపు నాటకానికి తప్పకుండా వచ్చేది. నాటకాల పిచ్చి అంటూ ఆటపట్టించేవాణ్ణి...